ఏడు రోజుల అర

ఆ బుధవారం రాజమల్లు పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండింటికి లైసెన్సు ఆఫీసు నుంచి మేడం తనిఖీకి వస్తుంది, రిజిస్టరు చూపించి సంతకం పెట్టించుకోవాలి. సంతకం పడకపోతే ఎల్లుండితో గడువు తీరిపోయి, ముంబయి కామాటిపుర పదకొండో గల్లీలో తండ్రి తెరిచిన పాత సామాన్ల దుకాణానికి తాళం పడుతుంది.

రిజిస్టరు గురించి అతనికి బెంగ లేదు. మిక్సీ కొన్నా, ఫ్యాను కొన్నా ఇచ్చినవారి పేరు, గది నంబరు, ఆధార్ జిరాక్సు, వస్తువు మీది సొట్టతో సహా ఎక్కించేవాడు. దొంగసొత్తేమోనన్న అనుమానం తీరేదాకా, కొన్నదాన్ని ఏడు రోజులు అమ్మకుండా ఉంచాలని లైసెన్సు షరతు. అందుకని దుకాణం వెనక ఒక అర కేటాయించాడు. దాని తాళంచెవి మాత్రం దుకాణం పక్కనే ఉన్న, వరస గదుల మూడంతస్తుల చాల్‌లోని తన ఇంట్లో ఉండేది.

తొమ్మిదింటికి అర తెరిస్తే ఖాళీగా ఉంది. రిజిస్టరు ప్రకారం ఆ వారం కొన్నవి తొమ్మిది వస్తువులుండాలి.

"సామాన్లు ఏమైనయే?" అని భార్యను అడిగాడు.

"అమ్మొద్దన్నవ్ గని ఇయ్యొద్దన్లేదు గదా," అంది రత్నాబాయి. "చుట్టాలొచ్చిన్రని సాయమ్మ కుక్కర్ తీస్కపోయింది. బాలమ్మింట్ల బాలింత ఉందని ఫ్యాను ఇచ్చిన. మిగిలినయి యాదికి లేవు. చాల్‌ల ఉండుకుంట అడిగినోళ్లకు లేదంటమా?"

రాజమల్లుకు ఒళ్లు మండింది. కానీ నిన్న సాయమ్మ ఇంటి నుంచి వచ్చి తను తిన్న మటన్ ఆ కుక్కర్లోనే ఉడికిందని అర్థమై, బయటికి నడిచాడు. ముప్పై ఆరు గదులు తట్టే తీరిక లేక, చాల్ నడవాలో నిలబడి కేకేశాడు.

"నా దుకాన్ సామాన్ ఎవరికాడ ఉన్నా జల్దీ తెచ్చియ్యిన్రి. సర్కారోళ్లు వస్తున్రు."

సర్కారోళ్లు రెండో అంతస్తుకు చేరేసరికి పోలీసులయ్యారు. మూడో అంతస్తులో, రాజమల్లు ఇన్నేళ్లుగా అమ్మినవన్నీ దొంగసొత్తేనని, ఎవరింట్లో దొరికితే వాళ్లను పట్టుకుపోతారని తేలింది.

మహబూబ్‌నగర్ నుంచి కూలికి వచ్చిన కిష్టయ్య, రెండేళ్ల కిందట కొన్న ఫ్యాను మోసుకొచ్చి దుకాణం ముందు పెట్టాడు. "నాకేం తెల్వద్ సేటు. నీ కాడనే కొన్న, నీకే ఇస్తున్న."

"ఇది నీదే గదరా."

"నాది కాదు," అని కిష్టయ్య వెళ్లిపోబోయాడు. అప్పటికే వెనక జనం వరస కట్టారు. రాజమల్లు వద్దన్నకొద్దీ జనానికి భయం ఎక్కువైంది. పదిన్నరకు అరలోకి తొమ్మిది వస్తువులూ చేరాయి. గల్లీలోకి మరో నలభై ఒకటి చేరాయి.

సరిగ్గా పదకొండింటికి మేడం వచ్చింది. రిజిస్టరు చూసింది, అర చూసింది, గల్లీ చూసింది. "ఇందులో తొమ్మిది, ఇక్కడ యాభై. మిగతావి ఎవరివి?" అని మరాఠీలో అడిగింది.

"వీళ్లవే మేడం," అన్నాడు రాజమల్లు.

ఆమె జనం వైపు తిరిగింది. మావి కావంటే మావి కావని అందరూ ఒట్టేశారు.

"రాయని సామాను, సొంతదారు లేని సామాను. లైసెన్సు ఎలా ఇవ్వమంటారు?" అంటూ మేడం పెన్ను జేబులో పెట్టేసింది. రాజమల్లుకు తండ్రి ముఖం కళ్ల ముందు మెదిలి ఏడుపొచ్చినంత పనైంది.

రత్నాబాయి ముందుకొచ్చింది. "మాకు ఊరికెనే ఇచ్చేసిన్రు మేడం. ఇచ్చినంక వాళ్లవెట్లయితయి? ఇప్పుడే ఇచ్చిన్రు, ఇంక రాసుకోలేదు. గంతే."

మేడం మళ్లీ పెన్ను తీసి, తన కళ్ల ముందే రాయమంది. ఇచ్చేసినట్టు రాస్తే పోలీసుల నుంచి తప్పించుకునే దారి దొరికినట్టేనని జనం పరుగున పోయి ఆధార్ జిరాక్సులు తెచ్చి సంతకాలు పెట్టారు. రాజమల్లు తలెత్తకుండా మూడు గంటలు రాశాడు. ఇంత శుభ్రమైన రిజిస్టరు వార్డులోనే చూడలేదని మేడం సంతకం పెట్టి, సామానంతా అరలో, దుకాణంలో పెట్టించి, ఏడు రోజులకు సీలు వేసి వెళ్లింది.

పోలీసులెవరూ రాలేదని సాయంత్రానికి తెలిసింది. జనం వచ్చి సామాన్లు అడిగితే రాజమల్లు వాళ్ల సంతకాలు చూపించాడు.

వంటకు కూర్చున్న రత్నాబాయి తన మిక్సీ కోసం ఇల్లంతా వెతికి, ఫ్యానుతో పాటు బాలమ్మకే ఇచ్చానని గుర్తొచ్చి రిజిస్టరు తిరగేసింది. ఇవాళ రాసినవాటిలో ముప్పై నాలుగో నంబరు, ఇచ్చినవారు బాలమ్మ. "పాత మిక్సీ, తెల్లది, మూతకు పగులు" అని మొగుడు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు.