మామయ్య గీత దాటిన రోజు

ఆ రోజు ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. పది గంటలకు ప్రొఫెసరుగారు ఇంటికి వస్తారు. మామయ్య పడకగదిలోంచి లేచి, హాలు దాటి, గుమ్మం దాటి, వరండా చివరనున్న లిఫ్టు దాకా నడిచి చూపిస్తారు. ప్రొఫెసరుగారు తల ఊపుతారు. కోడలికి బయోమెడికల్ ఇంజనీరింగులో పీజీ సీటు వస్తుంది. ఇంత చిన్న పథకంలో తప్పు దూరడానికి సందెక్కడుందని ఎవరైనా అడగవచ్చు. అత్తయ్యను లెక్కలోకి తీసుకోకపోవడమే కోడలు చేసిన పొరపాటు.

మామయ్య రైల్వే బుకింగ్ కౌంటరులో టికెట్లు ఇచ్చి ఇచ్చి రిటైరైన మనిషి. ఈమధ్య పార్కిన్సన్స్ జబ్బు పట్టుకుంది. నడుస్తూ నడుస్తూ ఉండగా కాళ్లు నేలకు అతుక్కుపోతాయి, అందులోనూ గుమ్మం కనిపిస్తే మరీను. మెదడు కదలమంటుంది, కాలు నాతో కాదన్నట్టు ఊరుకుంటుంది. అయితే ఈ జబ్బులో ఒక వింత ఉంది. అడుగు ముందు అడ్డంగా ఒక గీత కనిపిస్తే చాలు, మొరాయించిన కాలు దాన్ని దాటడానికి తనంతట తానే లేస్తుంది.

ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న కోడలు ఈ వింతను పట్టుకుని, సెలవురోజులన్నీ ధారపోసి ఒక చేతికర్ర తయారుచేసింది. కర్ర నేలకు ఆనగానే దాని అడుగునున్న దీపం కాలి ముందు ఎర్రటి గీత గీస్తుంది. రోగుల చెయ్యి పట్టుకుని నడిపించడం ఆమెకు వచ్చు. చెయ్యి వదిలేసినా వాళ్లు నడిచే ఉపాయాలు చేయడం నేర్చుకోవాలని ఆమె ఆశ. మిగిలింది ఒక్క సీటే. అది ఇవ్వాల్సిన ప్రొఫెసరుగారేమో, "ల్యాబులో అందరూ నడుస్తారమ్మా. ఇంట్లో నడిస్తేనే నడిచినట్టు. నేనే వచ్చి చూస్తాను" అన్నారు.

"అత్తయ్యా, కర్ర ఏదీ?"

"బాల్కనీలో ఆరుతోందమ్మా. అంత పెద్దాయన వస్తుంటే ఆ జిడ్డుకర్ర ఏం చూపిస్తాం? సబ్బునీళ్లలో నానబెట్టి తోమేశాను. చూడు, ఎలా మెరుస్తోందో!"

కర్ర నిజంగానే మెరుస్తోంది. దీపం మాత్రం వెలగడం లేదు. కోడలు దాన్ని విదిలించింది, ఊదింది, హెయిర్ డ్రయ్యరు పెట్టింది. దీపం రెండు బొట్లు నీళ్లు కార్చి ఊరుకుంది. కోడలికి కూడా అదే పని చేయాలనిపించింది.

"బాధపడకమ్మా. మీ అత్తయ్య చేతిలో పడ్డాక నేనే మెరవడం మానేశాను. అదెంత?" అన్నారు మామయ్య మంచం మీదినుంచి.

ఏడుస్తూ కూర్చుంటే పని కాదు. అలమరలో పసుపురంగు టేపు చుట్ట దొరికింది. దీపం గీయని గీత టేపు గీయదా అనుకుని, కోడలు మంచం దగ్గర మొదలుపెట్టి అడుగుకొక ముక్క చొప్పున అతికించుకుంటూ హాలు దాటి, గుమ్మం దాటి, లిఫ్టు దాకా వెళ్లింది. తిరిగొచ్చి, మామయ్యకు ఇస్త్రీ చొక్కా తొడగడంలో మునిగిపోయింది.

ఈలోగా ఎదురింటాయన చెత్తబుట్టతో బయటికొచ్చారు. లిఫ్టు నుంచి ఎదుటివాళ్ల గుమ్మం దాకా వరసగా పసుపు గీతలు. ఊరికే ఎవరూ గీతలు గీయరు కదా! ఆయన బుట్ట కింద పెట్టి, గుమ్మం ముందరి గీత మీద నిలబడ్డారు. అటుగా వచ్చిన చివరి ఫ్లాటావిడ ఆగింది.

"ఏమిస్తున్నారండీ?"

"ఇంకా మొదలవలేదు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆమెకు అంతే చాలు. వెంటనే రెండో గీత మీద నిలబడి, పై అంతస్తులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలు భర్తతో వచ్చింది, భర్త స్నేహితుడిని పిలిచాడు. ఇచ్చేదేమిటో తెలియకపోయినా అది అయిపోతుందేమోనన్న భయం అందరికీ ఉంది.

"ఈ ఇంటి కోడలు ఫిజియోథెరపిస్టు కదండీ. మోకాళ్ల నొప్పులకే అయ్యుంటుంది" అని ఎవరో అన్నారు. మాట గీత గీతకూ చిలవలు పలవలు వేసుకుంటూ పోయి, లిఫ్టు దగ్గరికి చేరేసరికి, పెద్ద డాక్టరు వస్తున్నాడనీ, ఆయన చెయ్యి వేస్తే మోకాలు ఇరవయ్యేళ్లు వెనక్కి వెళుతుందనీ తేలింది. కొందరు ఇంటికి పరుగెత్తి ఎక్స్‌రేలు తెచ్చుకున్నారు. అపార్ట్‌మెంటు సెక్రటరీ మండిపడుతూ వచ్చాడు. "ఎవరి పర్మిషన్‌తో అతికించారండీ ఇవి?" అని గర్జించబోయి, లైను పొడుగు చూసి గొంతు తగ్గించాడు. "ఆఖరు ఎవరండీ?"

అప్పటికైనా అత్తయ్య తలుపు తీయకుండా ఉంటే బాగుండేది. తీసింది.

"ఎవరో పెద్దాయన వస్తున్నారట కదమ్మా?" అని అడిగారు ఎదురింటాయన.

"అవునండీ, పది గంటలకి. మీకెలా తెలుసు?" అంది అత్తయ్య మురిసిపోతూ. అంతమంది నిలబడి ఉండటం చూసి ఆమె మనసు కరిగింది. లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది, ముసలివాళ్లకు స్టూళ్లు వేసింది. దాంతో ఇంకా ఎక్కడో కాస్త అనుమానపడుతున్నవాళ్లు కూడా స్థిరపడిపోయారు.

ప్రొఫెసరుగారు వచ్చేలోగా ఒకసారి నడిపించి చూద్దామని కోడలు మామయ్యను మెల్లగా తీసుకొచ్చింది. హాల్లో ఆయన ఒక్కొక్క గీతా దర్జాగా దాటారు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఎదుట గీత లేదు, ఎదురింటాయన చెప్పులున్నాయి. ఆయన వెనకాల లిఫ్టు దాకా చెప్పులే చెప్పులు. మామయ్య కాళ్లు ఠక్కున అతుక్కుపోయాయి.

"మీకు దణ్ణం పెడతానండీ, కాస్త పక్కకి జరగండి! ఇక్కడ ఏమీ ఇవ్వడం లేదు!" అని కోడలు మొత్తుకుంది.

"ఏమీ ఇవ్వకుండానే స్టూళ్లు వేశారా?" అన్నాడు సెక్రటరీ.

కోడలి తల ప్రాణం తోకకొచ్చింది. గడియారం చూసే ధైర్యం లేదు. ఇన్నాళ్ల కష్టం గుమ్మం దాటకుండానే అయిపోయేలా ఉంది. సరిగ్గా అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుంది. సంచీ పుచ్చుకుని ఒక పెద్దమనిషి దిగి, జనాన్ని తోసుకుంటూ ముందుకు రాసాగాడు.

"ఓ మాస్టారూ, లైన్లో రండి!"

"నేను ప్రొఫెసర్నండీ..."

"ఇక్కడ అందరం ఏదో ఒకటేనండీ. వెనక్కెళ్లండి!"

వరండా అంతా గోల. తోపులాటలో ఒక ఎక్స్‌రే గాలిలోకి లేచింది. ఆ గోల మామయ్య చెవిన పడింది. ఆయన ముఖం మారిపోయింది. జీవితమంతా కౌంటరు ముందు లైను చెడనివ్వని మనిషి. ఆయన కళ్లెదుటే, ఆయన గుమ్మంలోనే, లైను తప్పడమా!

"ఎవడ్రా అది!"

అతుక్కున్న కాళ్లు నేలనుంచి ఎప్పుడు ఊడాయో ఎవరూ చూడలేదు. మామయ్య గుమ్మం దాటారు, ఎదురింటాయనను దాటారు, వరండా పొడుగునా విసవిసా నడిచి వెళ్లి ప్రొఫెసరుగారి భుజం పట్టుకున్నారు. "చదువుకున్నవారిలా ఉన్నారు. వెనకొచ్చినవాళ్లు ముందుకెళితే ముందొచ్చినవాళ్లు ఏమైపోవాలండీ?" అంటూ ఆయన్ని తీసుకెళ్లి లైను చివర నిలబెట్టారు.

కోడలు వెనకాలే పరుగెత్తుకొచ్చింది. ప్రొఫెసరుగారు చొక్కా సర్దుకున్నారు.

"ఏమ్మా, నడవలేరన్న మీ మామగారెక్కడ?"

"ఈయనేనండీ."

"మరి నన్ను ఈడ్చుకొచ్చిందెవరు?"

"ఈయనేనండీ."

ఆయన వంగి మామయ్య కాళ్లకేసి చూశారు. కోపం చల్లారిన మామయ్య ఇంటివైపు తిరగబోయి, ఉన్నచోటే బిగుసుకుపోయారు.

"కోపంతో కాలు లేచింది. జరిగేదే. కానీ రోజూ ఈయనకి కోపం తెప్పించలేం కదా?" అన్నారు ప్రొఫెసరుగారు.

"మా అత్తయ్య ప్రయత్నిస్తూనే ఉంటారండీ" అనబోయి కోడలు నాలిక్కరుచుకుంది. కర్ర లేదు. గీతల మీద జనం. చేతిలో ఏమీ లేదు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, తన కుడికాలు చాపి మామయ్య బొటనవేలి ముందు అడ్డంగా పెట్టింది.

"దాటండి మామయ్యా."

మామయ్య కాలు లేచింది, ఆమె పాదాన్ని దాటింది. కోడలు లైను వైపు తిరిగి గొంతెత్తింది. "అందరూ ఒక్కసారి మీ కుడికాలు పక్కకి చాపండి!"

వైద్యం మొదలైందని లైనంతా ఉప్పొంగిపోయింది. వరండా చివరనుంచి గుమ్మం దాకా వరసగా కాళ్లు చాచుకున్నాయి. మేజోళ్ల కాళ్లు, చెప్పుల కాళ్లు, పట్టీల కాళ్లు, సెక్రటరీ బూటు కాలు. మామయ్య ఒక్కొక్క కాలూ దాటుకుంటూ, కాలికొక "థాంక్స్" చెప్పుకుంటూ ఇంటిదాకా నడిచి వెళ్లి, గుమ్మం దాటి కుర్చీలో కూర్చున్నారు. అత్తయ్య కొంగుతో కళ్లొత్తుకుంది. కోడలు దాచుకోకుండా ఏడ్చేసింది. అది సంతోషమని చెప్పనక్కర్లేదు.

"కర్ర చెడిపోయిందండీ. చూపించడానికి నా దగ్గర ఇంకేం లేదు" అంది చివరికి.

"కర్ర బాగుచేయడం మేం నేర్పిస్తాం. కర్ర లేనప్పుడు ఏం చేయాలో మేం నేర్పలేం. సోమవారం వచ్చి చేరు."

ఆ మాట పూర్తవుతుండగానే ఎదురింటాయన ప్యాంటు మోకాలి పైకి మడిచారు. "అయితే డాక్టరుగారూ, ముందు నాది."

"నేను ఇంజనీర్నండీ! డాక్టర్ని కాను!"

ఎవరూ నమ్మలేదు. ఇంత పొడుగు లైనుకు వచ్చినాయన డాక్టరు కాకుండా ఎలా ఉంటాడు? ఎక్స్‌రేలు ఆయన ముఖం మీదికి వచ్చాయి. ప్రొఫెసరుగారు కోడలి వైపు చేతులు జోడించారు. "నువ్వే కాపాడాలమ్మా."

కోడలు నవ్వి, కొంగు బిగించి, గుమ్మంలో కుర్చీ వేసుకుంది. మామయ్య పక్కన కూర్చుని ఒక్కొక్కరినే పంపారు, తోపులాట లేకుండా.

ప్రొఫెసరుగారికి కూడా ఎడమ మోకాలు నొప్పేనట. కానీ ఆయన వంతు వచ్చేసరికి సాయంత్రమైంది.