ఏనుగుగారి స్నానమతం

పెద్దది కావడమే ఆ అడవి చేసుకున్న పాపం. ఎంత పెద్దదో చూసొద్దామని బయలుదేరిన ఏనుగు రాజు మహాకుంభుడు, కంటికి కనబడినదల్లా తనదేనన్నాడు.

ఆయన పద్ధతి ఎప్పుడూ ఒకటే. ముందు తొక్కుతాడు. తర్వాత ఏట్లో ముంచి తన మతంలో కలుపుకుంటాడు. ఆ పైన బడి పెడతాడు. ఊరికే తొక్కి వెళ్లిపోయే రాజులంటే ఆయనకు అసహ్యం. "అది అనాగరికం" అనేవాడు, ఎవరి మీదో కాలేసి నిలబడి.

ఆయన మతం స్నానం. ఒంటి మీద మట్టి మచ్చ లేనివాడే పుణ్యాత్ముడు. ఆ లెక్కన కొండ అవతలి అడవిపందులను మించిన పాపులు లేరు.

పందుల పెద్ద ముట్టెమ్మ. ఆమె గుంపుకు ఉన్న ఆస్తి ఒక్క బురదగుంట. ఎండాకాలం అందులో దొర్లితేనే ఒళ్లు చల్లబడుతుంది, జోరీగల బెడద తప్పుతుంది. ముట్టెమ్మ తల్లీ, అమ్మమ్మా అందులోనే దొర్లారు.

ఒకరోజు రాజు దండు వచ్చింది. యుద్ధం ఎంతోసేపు జరగలేదు. ఏనుగు నడిచింది, అంతే. పందులను ఏటి ఒడ్డున వరసగా నిలబెట్టారు.

"బలవంతం ఏమీ లేదు. ఇష్టపడి మునగండి" అన్నాడు సేనాపతి తోడేలు.

"ఇష్టం లేకపోతేనో అయ్యా?" అంది ముట్టెమ్మ.

"ఇష్టపడేదాకా ముంచుతాం."

పక్కనే ఒంటికాలి మీద కొంగ పంతులు నిలబడి ఉన్నాడు. రాజు ఎక్కడో దూరపు చెరువు నుంచి పిలిపించుకున్న పండితుడు. కొత్త మతం నోటికి తియ్యగా తగలాలని, మునిగి లేచిన ప్రతివాడికీ ఒక చిలగడదుంప ఇప్పించే ఏర్పాటు ఆయనదే.

ముట్టెమ్మ మునిగింది. దుంప తింది. బాగానే ఉంది. అప్పుడు సేనాపతి చాటింపు వేశాడు: "చివరి పంది మతం మారిన రోజున ఆ గుంట రాళ్లతో పూడ్చేస్తాం. పాపుల్లేని చోట పాపపు గుంట ఎందుకు?"

ముట్టెమ్మకు నోట్లో దుంప చేదైంది.

మర్నాడు బడి. పందులు ముందు వరసలో, రాజు వెనక వరసలో. అవును, రాజే. ఇన్ని అడవులు గెలిచినవాడికి 'అ' మాత్రం లొంగలేదు. తొండంతో బలపం పట్టి దిద్దితే పలక మీద కుండ వచ్చేది.

"ఇది చాలా ప్రాచీనమైన 'అ' మహారాజా. ఈ కాలం వాళ్లు మర్చిపోయారు" అన్నాడు కొంగ పంతులు.

చదువంటే అదీ. రాజు రాస్తే ప్రాచీనం, పంది రాస్తే తప్పు.

ముట్టెమ్మ లేచి నిలబడింది. "పంతులుగారూ, ఒక సందేహం. మునిగాక మళ్లీ మట్టి అంటుకుంటే?"

"మళ్లీ పాపివే."

"అంటే, మా మతమార్పిడి ఇంకా పూర్తి కానట్టేనా?"

"కానట్టే. మళ్లీ ముంచాలి. అది మా ధర్మం."

"మరి దుంప?"

కొంగ పంతులు రాజు వైపు చూశాడు. కుండతో కుస్తీ పడుతున్న రాజు తలెత్తకుండా "ఇవ్వండి, ఇవ్వండి" అన్నాడు.

బయటికి రాగానే ముట్టెమ్మ మరిది కోరయ్య, "వదినా, చదువు ఇంత మంచిదని నాకు తెలీదు" అన్నాడు.

"వాళ్లకీ తెలీదులే. పద, గుంటలో దిగుదాం."

ఇక చూడాలి. పొద్దున్నే పాపులు, మధ్యాహ్నానికి భక్తులు, సాయంత్రానికి మళ్లీ పాపులు. ముంచీ ముంచీ తోడేళ్లకు జలుబు పట్టుకుంది. ఈవేళ కూడా బోలెడు మంది మారారని విన్నప్పుడల్లా రాజు మురిసిపోయేవాడు. గుంట మాత్రం గుంటలానే ఉంది.

ఇది చూసి రాజుగారి సొంత కుందేళ్లకు కడుపు మండింది. "పుట్టినప్పటి నుంచీ స్నానాలు చేస్తున్నాం. మాకెవడు ఒక్క దుంప ఇచ్చాడు?" అంటూ వెళ్లి గుంటలో దూకాయి. వాటి వెనక జింకలు. వాటి వెనక తుమ్ముకుంటూ తోడేళ్లు.

"తోసుకోకండి. పాపులందరికీ చోటుంది" అంటూ ముట్టెమ్మ గట్టు మీద నిలబడి వరస చూసుకుంది.

సంగతి తెలిసి మహాకుంభుడు మండిపడ్డాడు. గుంట తానే పూడుస్తానని తొండంతో పెద్ద బండ ఎత్తుకొచ్చాడు. అన్ని కాళ్లు తొక్కిన గట్టు మెత్తబడి ఉంది. రాజు కాలు జారింది. బండ గట్టు మీద, రాజు గుంటలో.

తన గుంటకు ఇదే ఆఖరి రోజనుకుంది ముట్టెమ్మ.

ఎండ మాడ్చేస్తోంది. ఇన్నాళ్లూ రాజు చెవి వెనక కుడుతున్న జోరీగ, బురద చూసి ఎగిరిపోయింది. రాజు కాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా ఒక పక్కకు దొర్లాడు. తర్వాత రెండో పక్కకు.

"పంతులూ" అన్నాడు కళ్లు మూసుకుని. "నా మతం మారింది."

గుంట దక్కిందని ముట్టెమ్మ ఆనందంతో ఏడ్చేసింది.

గుంట దక్కింది, నిజమే. మర్నాటికి దాని చుట్టూ ముళ్లకంచె లేచింది. పవిత్ర పంకక్షేత్రమని పేరు పెట్టారు. తూర్పున ఇంకా స్నానాలు చేస్తున్న దుప్పుల మీదికి దండు బయలుదేరింది. కంచె వాకిట్లో కొంగ పంతులు ప్రవేశ పరీక్ష పెట్టాడు.

"బురద ఎన్ని విధాలు?" అని అడిగాడు ముట్టెమ్మను.

"ఎన్నో ఏమిటయ్యా, బురదంటే బురదే."

"తప్పు. ఏడు విధాలు. వచ్చే ఏడాదికి చదువుకుని రా."

కంచె లోపలి నుంచి రాజుగారి గురక వినిపిస్తోంది. బయట ముట్టెమ్మ వీపు మీద జోరీగలు పండగ చేసుకుంటున్నాయి.

"పోనీ వదినా, ఏట్లో దిగుదామా?" అన్నాడు కోరయ్య.

"ఇప్పుడది పాపం" అంది ముట్టెమ్మ.

నీతి: రాజుకు లొంగినా బతకవచ్చు, ఎదురుతిరిగినా బతకవచ్చు; మన సుఖం మాత్రం ఆయనకు రుచి చూపించకూడదు.