ఇంకోదాన్ని తెచ్చుకుంట

ఆ శుక్రవారం పొద్దున గోపాలకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలేజీకి సెలవు పెట్టి, పెరటి తొట్లో ఉన్న ఆడచేపకు హార్మోన్ ఇంజక్షన్ ఇవ్వాలి. అది పెట్టిన గుడ్లను సీసాలో పోసుకుని, ఆదివారం కోదాడ రైతుల సభలో చూపించాలి. సూర్యాపేట మొత్తంలో జువాలజీ చెప్పడంలో తనను మించినవాడు లేడని పంతొమ్మిది వందల అరవై ఏడు నాటికల్లా అతనికి గట్టి నమ్మకం కుదిరింది. ఊళ్లో జువాలజీ చెప్పేది తానొక్కడే కావడంతో ఆ నమ్మకానికి అడ్డు లేకపోయింది.

చిక్కల్లా ఇంటితోనే. తరతరాలుగా ధాన్యం వ్యాపారం చేసిన వైశ్యుల ఇల్లు. చేప అన్న మాట వినబడితేనే తల్లి కన్యకమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటుంది. అందుకని హైదరాబాదు నుంచి తెచ్చిన ఆఫ్రికా తిలాపియా చేపల జంటను ఎవరూ వాడరనుకున్న వెనక తొట్లో వదిలి, పైన గోనెపట్టా కప్పాడు. "కాలేజీ సామాను" అని తల్లికి చెప్పాడు. భార్య కృష్ణకుమారికి మాత్రం నిజం తెలుసు. తెలిసిన రోజు నుంచి ఆమె అతనితో మాటలు మానేసింది, తిండీ సగం మానేసింది. అతను గమనించలేదు. ఆడచేప తినడం లేదన్న దిగులులో మునిగి ఉన్నాడు.

సాయానికి బాటనీ లెక్చరర్ కిషన్ వచ్చాడు. ఇద్దరూ పెరటి వాకిట్లో నిలబడి మాట్లాడుకున్నారు.

"వారం సంది ఏం ముట్టలే కిషన్. నోరు బిగవట్టి మూలకు నిలవడ్డది. ఒంట్ల హార్మోన్లు సక్కగ పనిజేస్తలేవు."

"మరి ఏం జేస్తవ్?"

"ఇయ్యాల ఇంజక్షన్ ఇస్త. గప్పటికీ పిల్లలు గాకపోతే దీన్ని ఇడిసిపెట్టి హైదరాబాద్ నుంచి ఇంకోదాన్ని తెచ్చుకుంట."

వంటింటి కిటికీ వెనక పచ్చడి నూరుతున్న కన్యకమ్మ చేతిలో బండ ఆగిపోయింది. కొడుకు పెళ్లై నాలుగేళ్లు. ఇంకా పిల్లలు లేరు. కోడలు వారం నుంచి కంచంలో అన్నం వదిలేస్తూనే ఉంది. ఇక వేరే అర్థం ఆమెకు ఎక్కడ దొరుకుతుంది?

వీధిలో మిర్యాలగూడ వియ్యంకుడు కైలాసం గారి రైస్ మిల్లు లారీ వడ్లు ఎక్కించుకుంటోంది. కన్యకమ్మ పరుగున పోయి డ్రైవర్ దస్రు చెవిన వేసింది. "జల్ది పోయి మా వియ్యంకునికి చెప్పు. పిల్ల తిండి మానేసింది. వీడేమో సూదులు పొడుస్తడట, ఇంకోతిని తెస్తడట."

దస్రు మంచివాడు. విన్నది విన్నట్టు చెప్పాలనే బయలుదేరాడు. కాని నేరేడుచర్లలో చాయ్ తాగుతూ ఆ మాట ఇద్దరికి చెప్పాడు, వాళ్లు తలా కాస్త కలిపారు. లారీ మిర్యాలగూడ చేరేసరికి అల్లుడు ఒక నర్సును పెళ్లాడి, ఇంట్లోనే పెట్టుకుని, ఆమె చేత భార్యకు మత్తు సూదులు ఇప్పిస్తున్నాడు.

మధ్యాహ్నం దాటినా గోపాలకృష్ణకు చేప చేతికి చిక్కలేదు. కిషన్ విసిగి వెళ్లిపోయాడు. తల నుంచి కాళ్ల దాకా తడిసి, చేతిలో సూదితో నిలబడి ఉండగా కైలాసం నలుగురు పెద్దమనుషులతో లారీ దిగాడు. వాళ్లకు కన్యకమ్మ మంచినీళ్లు అందిస్తుంటే కైలాసం నేరుగా పెరట్లోకి వచ్చాడు.

"ఏది? అదేది?"

చేప సంగతి ఎవరో చెప్పేశారనుకున్నాడు గోపాలకృష్ణ. "గీడనే ఉన్నది మామా. కోపం జేయకుండ్రి. ఎవరి కంట పడొద్దని దాసిపెట్టిన."

"దాసిపెట్టినవా! ఎన్నొద్దులాయె?"

"నెల. దానికి తోడు మొగది గూడ ఉన్నది."

"మొగుడు గూడ ఉన్నడా!" అన్నాడు వెనకాలే వచ్చిన పెద్దమనిషి ఒకాయన, నీళ్ల గ్లాసు పట్టుకునే.

కైలాసం గోనెపట్టా లాగి పారేశాడు. వెలుగు పడేసరికి ఆడచేప బెదిరి నోరు తెరిచింది. అందులోంచి ఆవగింజలంత పిల్లలు బిలబిలమని బయటికొచ్చి దాని తల చుట్టూ మూగాయి. కైలాసం నీడ నీళ్ల మీద పడగానే మళ్లీ అన్నీ తల్లి నోట్లోకి దూరిపోయాయి. తల్లి నోరు మూసుకుంది.

గోపాలకృష్ణకు అప్పుడు గుర్తొచ్చింది. ఈ జాతి ఆడచేప గుడ్లను నోట్లోనే పొదుగుతుంది, పిల్లలు ఈదుకునేదాకా తిండి ముట్టదు, ఏ సూదీ అక్కర్లేదు. ఈ పాఠం అతను ఆ ఏడాదే క్లాసులో చెప్పాడు. అర్థం కాలేదన్న వాణ్ణి బెంచీ ఎక్కించాడు కూడా.

కైలాసం తాను విన్న నర్సు కథ బయటపెట్టాడు. రెండో భార్య లేదని తేలి అతని మొహం తేటపడింది. మామగారు ఎలా క్షమాపణ అడుగుతారా అని గోపాలకృష్ణ గొంతు సవరించుకున్నాడు. ఇంతలో కన్యకమ్మ తొట్టి దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"ఒరే, గివి చేపలారా?"

"అవునమ్మా."

"సల్లగున్నయని నెల సంది పట్టా సందుకెల్లి ముంచుకొని దేవుని సామాను గీ నీళ్లతోనే కడుగుతున్న గదరా!"

పెద్దమనుషులు చేతుల్లోని గ్లాసులు మెల్లగా కింద పెట్టేశారు. కైలాసం తొట్టికి రెండడుగులు దూరం జరిగాడు. "రెండో పెండ్లంటే నలుగురం గూసొని మాట్లాడుకునేటోళ్లం. గిదెట్ల మాట్లాడుకునుడు అల్లుడా? కృష్ణా, పెట్టె సర్దు బిడ్డా."

గొడవ విని వచ్చి, తొట్టి అంచున వంగి చూస్తున్న కృష్ణకుమారి తల ఎత్తకుండానే అంది. "నేను రాను నాయినా."

గోపాలకృష్ణ ఛాతీ పొంగింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

"కన్నతల్లి, వారం సంది పస్తులున్నది. పిల్లలు బయటవడ్డంక దీనికి తిండి ఎవరు పెడ్తరు? గీయనను నమ్మి పోవాల్నా?" అని, అతని చేతిలోంచి సూది లాక్కుంది.

"మరి ఆదివారం కోదాడకు నేనేం తీస్కపోవాలె?" అన్నాడు గోపాలకృష్ణ నీరసంగా.

"మీ నోరు తీస్కపోండ్రి. చాలు."

లోపల కన్యకమ్మ అప్పటికే చీరలు మూట కట్టుకుని, విడిగా వండుకోవడానికి గిన్నెలు సర్దుకుని, నేరేడుచర్లలో తమ్ముని ఇంటి దగ్గర దించమని దస్రుకు చెప్పేసింది.

కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చిన లారీ, సాయంత్రానికి అత్తగారిని ఎక్కించుకుని బయలుదేరింది.