కాంటాకు తాళం వేసిన అజ్ఞాత హస్తం

"నేరం నిద్రపోయినా ఈ దేవిదాస్ కన్ను రెప్ప వాల్చదు!" అని మా వాడు గర్జించాడు. చెంప మీద బస్టాండ్ బెంచీ అచ్చు ఇంకా చెరగలేదు. ఊరికి వాడు సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాడు, తన దృష్టిలో అపరాధ పరిశోధకుడు. పరిశోధన వాడిది, వెంట వెళ్ళిన అపరాధం నాది.

ఆ సోమవారం బాన్సువాడలోని తారాచంద్ సేట్ రైస్‌మిల్లు నుంచి పిలుపొచ్చింది. అక్కడ వడ్లు తూచే కాంటాకొక సాఫ్ట్‌వేర్, బిల్లుకొకటి, గోదాముకొకటి. ఒకే తాళంచెవితో మూడూ తెరుచుకునే ఏర్పాటుకు సేట్ చెయ్యి తెరుచుకోలేదు. బదులుగా చట్టం చేశాడు: సోమవారం సోమవారం అన్నిటికీ కొత్త పాస్‌వర్డ్. పెద్దక్షరం, అంకె, గుర్తు తప్పనిసరి. వరుసగా తప్పు కొడితే కాసేపు తాళం. ఇంత పకడ్బందీ రహస్యాన్ని పనివాళ్ళకు చేర్చడానికి ట్రాక్టర్లను పిలిచే మైకులో చదివేవాడు!

పొద్దుటి నుంచి కాంటా సాఫ్ట్‌వేర్‌కు తాళమే. విడీ విడకముందే మళ్ళీ పడుతోంది. బయట వడ్ల ట్రాక్టర్లు, పైన మబ్బు. తాళం పడితే రైతులు తాళుతారా?

సేట్ కాంటా ఆపరేటర్ సిరీష మీద విరుచుకుపడ్డాడు. "గీ పిల్లనే ఎవనికో చెప్పింది! దొంగ దొరకకుంటే ఇయ్యాల్టితోని నీ నౌకరి బంద్!"

"నేనెందుకు చెప్త సేట్? మీరే మైకుల చెప్పిన్రు. బస్టాండ్ దాక ఇనవడ్డది."

దేవిదాస్ కళ్ళు మెరిశాయి. "భేష్! అంటే అనుమానితులు బాన్సువాడ మొత్తం! బావా, రాసుకో."

రాసుకోలేదు. వాడి అనుమానాలన్నీ చివరికి నాకు అవమానాలే.

వరుసలో మూడో ట్రాక్టర్ మీదున్న రైతు గంగమణిని నిలదీశాడు. "ఏ ఊరు?"

"బిచ్కుంద."

"ఆ పక్కనే మహారాష్ట్ర! అంతర్రాష్ట్ర ముఠా!"

"ముఠా ఏంది నీ మొకం! వడ్లు నానితే నువ్వు కొంటవా తమ్మీ?"

"హ్యాకర్ వైరు బల్ల కిందే ఉంది!" అంటూ దేవిదాస్ సేట్ చేతిలోని ఫోన్ లాక్కుని, లైటు వెలిగించి, బల్ల కిందికి పాకాడు. లేస్తూ తలతో బల్లను కొట్టాడు. ఫోన్ ఎగిరి నీళ్ళ బకెట్లో బుడుంగుమంది.

"అరే సత్యానాశ్!" అని సేట్ తిట్లు మొదలెట్టాడు. అవి పూర్తయ్యేసరికి తాళం విడింది. సిరీష పాస్‌వర్డ్ కొట్టింది. ట్రాక్టర్ తూగింది. ఇంకోటీ తూగింది. తాళం మాత్రం పడలేదు.

నాకు తట్టింది. "సేట్, కాంటా సాఫ్ట్‌వేర్ మీ ఫోన్ల గూడ ఉన్నదా?"

"ఉండదా? ఇంట్లకెళ్లి చూస్త."

"కొత్త పాస్‌వర్డ్ అండ్ల కొట్టిన్రా?"

"నేనెందుకు కొడ్త? రూల్ పెట్టేటోన్ని నేను. కొట్టుడు వాళ్ల పని!"

అదీ సంగతి. ఫోన్ తనంతట తానే పాత పాస్‌వర్డ్‌తో తలుపు బాదుతోంది, తాళం పడుతోంది. హ్యాకర్ ఇంతసేపూ సేట్ గుప్పిట్లోనే ఉన్నాడు.

"తెలిసే ముంచిన!" అన్నాడు దేవిదాస్, బొప్పి తడుముకుంటూ.

"మరి నా నౌకరి?" అంది సిరీష.

సేట్ పైకప్పు చూశాడు. "రేపు మాట్లాడుదాం తియ్."

ఈలోగా దేవిదాస్, తడిసిన ఫోన్ బియ్యంలో పెడితే బతుకుతుందని విని, రైస్‌మిల్లులో బియ్యం కనబడక గంగమణి వడ్లలో పాతిపెట్టాడు. కాసేపటికి వడ్లలోంచి వెలుగొచ్చింది. ఫోన్ బతికింది!

"అయిపాయె. ఇగ మల్ల పాతదే కొడ్తది," అంది సిరీష.

సేట్ ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "జల్ది, అండ్ల కొత్తది కొట్టమ్మా!"

"నౌకరి లేనోళ్లు ఎట్ల కొడ్తరు సేట్?"

ఉరిమింది. గంగమణి ట్రాక్టర్ మీంచి అరిచింది. "నౌకరి ఉన్నదనుర్రి సేట్! నా వడ్లు!"

"ఉన్నది తల్లీ, ఉన్నది!"

సిరీష కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే ఇగ జరుగుర్రి. మీ డిటెక్టివ్‌ను గూడ జరుపుర్రి."