మామగారి ఇనుప సీటు

మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. మొదట్లో మాత్రం కాస్త ఓపిక పట్టండి. ఎందుకంటే ఈ గొడవంతా మా మామగారి చావుతో మొదలైంది.

మా ఇంటి వెనకే పొలం. మామగారి ట్రాక్టరుది దాదాపు ఆయన వయసే. ఒకరోజు దున్నుతూ దున్నుతూ ఆ సీటులోనే గుండె ఆగి పోయారు. ఆయన ఆగినా బండి ఆగలేదు. స్టీరింగు ఒకవైపుకు తిరిగి ఉండటంతో పొలంలో గుండ్రంగా తిరుగుతూనే ఉంది. వంటింట్లో మా ఆవిడ ఆ చప్పుడు వింటూ, "నాన్నకి ఈరోజు ఆకలి కూడా తెలియట్లేదు" అని అన్నం మీద మూత పెట్టింది. డీజిలు అయిపోయి చప్పుడు ఆగాక గానీ సంగతి ఎవరికీ తెలియలేదు.

అప్పటినుంచి బండి షెడ్డులో తుప్పు పడుతోంది. ఆవిడ అటువైపు చూడదు, అలాగని అమ్మనివ్వదు.

పాత ట్రాక్టర్లను వెతికి మరీ కొనేవాళ్లు ఉంటారని నాకు ఎవరో చెప్పారు. వాటిని తట్టి, గీకి, ఏ కాలానివో తేల్చి వెలకట్టే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. అందరూ ఆయన్ని తుప్పుల డాక్టరు అంటారు. గుట్టుగా ఆయనకు కబురు పెట్టాను.

"బండి బాగుచేయించి మీ నాన్నగారి గుర్తుగా పెట్టుకుందామే" అన్నాను మా ఆవిడతో.

"నిజంగానా అండీ?" అని కళ్లు తుడుచుకుంది. నాకు లోపల ఎక్కడో కలుక్కుమంది. ఈ వయసులో ఎక్కడో ఒకచోట కలుక్కుమనడం మామూలే కదా అని సరిపెట్టుకున్నాను.

చొక్కా విప్పి పనిలోకి దిగాను. తుప్పుతోపాటు ఇంజను పక్కనున్న రేకు బిళ్లను కూడా గ్రైండరుతో నున్నగా గీకేశాను. దాని మీది అంకెలు మురికనుకున్నాను. వెలిసిపోయిన బూడిదరంగు మీద టమాటా ఎరుపు కొట్టాను. మామగారు కూర్చుని కూర్చుని అరిగిపోయిన ఇనుప సీటు పాత ఇనుము వాడికిచ్చేసి, మెత్తటి స్పాంజి సీటు బిగించాను. ఇంజను జోలికి మాత్రం పోకుండా మెకానిక్కును పిలిచాను. అందుకే అదొక్కటీ బాగుపడింది.

డాక్టరు వచ్చేసరికి మా ఆవిడ షెడ్డు దగ్గరే ఉంది. కంగారులో "ఈయన రంగులాయన" అనేశాను. ఆ సంగతి ఆయనకు ముందుగా చెప్పాలని నాకు తట్టలేదు.

"బండికి ఈ రంగు అమ్మింది మీరేనా?" అంది ఆవిడ.

ఆయన బండి వంక చూసి మొహం చిట్లించాడు. "ఛ ఛ! ఇంత పాపం నేనెందుకు చేస్తానమ్మా? నేను వెల కట్టేవాణ్ణి. మీ ఆయన అమ్ముతానంటే చూసి పోదామని వచ్చాను."

నేను షెడ్డు కప్పు కేసి చూశాను. ఆయన చిన్న కత్తితో బానెట్ మూల గీకాడు. ఎరుపు ఊడి బూడిదరంగు బయటపడింది.

"ఇదీ అసలు రంగు" అన్నాడు.

"బండిదా, ఈయనదా?" అంది మా ఆవిడ.

"నంబరు బిళ్ల ఏదండీ?" అన్నాడు డాక్టరు నాతో.

"గీకేశాను."

"పోనీ, సీటు?"

"పారేశాను."

"మరి ఇది ఏ కాలం బండో ఏం చూసి చెప్పమంటారు, మీ మొహం చూసా? ఆ రోజుల్లో సీటు అడుగున గుర్తులు పోత పోసేవాళ్లు. అదైనా ఉంటే కొనేవాళ్లు నమ్ముతారు. లేకపోతే కాటా వేసి అమ్ముకోండి."

మా ఆవిడ లోపలికి వెళ్లి, తను కూరగాయలు తరుక్కుంటూ కూర్చునే స్టూలు తెచ్చింది. పైన కప్పిన పాత దుప్పటి ముక్క లాగేసింది. కింద మామగారి సీటు! కొన్నాళ్లుగా నేను దాని మీద కూర్చునే బూట్లు వేసుకుంటున్నాను.

"ఇనుము వాడు మలుపు తిరగకముందే పరిగెత్తి తెచ్చుకున్నాను" అంది. "గుర్తుగా ఏం పెట్టుకోబోతున్నారో ఆరోజే తెలిసింది."

డాక్టరు సీటు తిరగేసి వేళ్లతో తడిమాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "మొదటి విడతలో తయారైన బండి అమ్మా ఇది! ఈ సీటు బిగించారంటే..."

"బిగిస్తాం. అమ్మం" అంది మా ఆవిడ.

ఆయన నా వంక జాలిగా చూసి వెళ్లిపోయాడు. ఆవిడ నా చేతికి స్పానరు ఇచ్చింది. సీటు బిగించాను. ఆవిడ చీర కుచ్చిళ్లు పైకి దోపి బండెక్కింది.

"నువ్వు నడుపుతావా?"

"నాన్న నేర్పాడు. మీకే ఎవరూ ఏమీ నేర్పలేకపోయారు."

బండి పొలంలోకి దిగింది. తిట్లు తప్పాయని వంటింట్లోకి వచ్చి, స్టూలు లేదు కాబట్టి నేల మీద చతికిలబడ్డాను. బండి చప్పుడు ఒకే తీరుగా వినిపిస్తోంది. ఆరోజు ఆవిడ ఇక్కడే నిలబడి ఈ చప్పుడే వింది. బండి తిరుగుతోంది కాబట్టి మనిషి బాగానే ఉన్నాడనుకుంది.

చెప్పులైనా లేకుండా కేకలు పెడుతూ పొలంలోకి పరిగెత్తాను.

ఆవిడ బండి ఆపింది. చెంపలు తడిసి ఉన్నాయి. "ఏమైందండీ?"

"ఏం లేదు. ఒక్కో చుట్టుకి ఒక్కో మాట అను."

"ఏమనను?"

"ఏదో ఒకటి. తిట్టు. నాకు వినబడాలి, అంతే."

కొంగుతో చెంపలు తుడుచుకుంది. తర్వాత బండి కదిలించింది. మొదటి చుట్టుకు "అబద్ధాలకోరు!" అంది. ఆ తర్వాత "టమాటా మొహం!" అంది. నేను గట్టు మీద కూర్చుని బుద్ధిగా తిట్లు తిన్నాను.

ఒక చుట్టులో మాట రావడం ఆలస్యమైంది. దిగ్గున లేచి నిలబడ్డాను.

"ఉన్నాను, కూర్చోండి!" అని అరిచింది.