నీడ తగాదా తీరిన విధం

ఆత్మకూరు ఆసుపత్రి ఎదుటి ఖాళీ జాగా సర్వజన హరితవనం కాబోతున్నదనీ, కులం, మతం, పార్టీ తేడా లేకుండా ఇక ఎవరైనా వచ్చి ఆక్సిజన్ పీల్చుకోవచ్చుననీ హరితవనం కమిటీ ఛైర్మన్ రాజమోహన్ గారు మైకులో ప్రకటించారు. అప్పటిదాకా జనం అక్కడ ఏ అనుమతీ లేకుండానే పీల్చుకుంటూ ఉండేవాళ్ళు.

అలాంటివాళ్ళలో మర్రిపాడు ఓబులమ్మ ఒకతి. మోకాళ్ళకు కరెంటు పెట్టించుకోవడానికి వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వస్తుంది. బస్సు పొద్దున్నే దించేస్తుంది, కరెంటు పెట్టే సారు పదకొండుకు గానీ రాడు. అందాకా ఆమెకు దిక్కు ఆ జాగాలోని ఒకే ఒక్క కానుగచెట్టు. పక్కన కూర్చున్నది ఎవరని ఆమె ఎన్నడూ అడగలేదు, ఆమెనూ ఎవరూ అడగలేదు. ఈ వెనకబాటుతనం చూసి రాజమోహన్ గారి మనసు చలించిపోయింది.

"ఎవరి మానాన వాళ్ళు కూర్చుంటే దాన్ని యాక్సెస్ అనరు. ప్రతి కమ్యూనిటీకీ గుర్తింపు ఉండాల," అని ఆయన సంఘానికొక సిమెంటు బెంచీ ఆర్డరు చేశారు. బెంచీలు లారీల్లో దిగాయి. ఒక్కోదాని వీపు మీద ఒక్కో సంఘం పేరు, ఎర్ర రంగులో.

ఓబులమ్మ సంబరపడి దగ్గర్లో ఉన్న బెంచీ మీద కూలబడింది. ఛైర్మన్ గారి అనుచరుడు మల్లికార్జున పరుగున వచ్చాడు.

"అవ్వా, నీది ఏ సంఘం?"

"మోకాళ్ళ నొప్పుల సంఘం నాయనా."

మల్లికార్జున బెంచీలన్నీ ఒకసారి చూసి వచ్చాడు. "అట్టాంటిది రాలేదవ్వా," అని మర్యాదగా లేపాడు. ఆమె వెళ్ళి చెట్టు మొదట్లో నేలమీద కూర్చుంది.

అసలు చిక్కు ఆ మొదట్లోనే వచ్చింది. బెంచీలు డజను, చెట్టు ఒకటి. ఛైర్మన్ గారు సంఘాల పెద్దలను పిలిచి ఆ చెట్టు కిందే మీటింగు పెట్టారు.

"ఊళ్ళో పెద్దరికం ఎప్పుడూ మాదే. నీడ కూడా మాదే," అన్నాడు రైతు సంఘం గోవిందయ్య.

"మా బెంచీ మీద దేవుని వాక్యం రాయించినాం సార్. ఎండకు పెడితే వెలిసిపోతాది," అన్నాడు చర్చి సంఘం తరఫున టీచరు శాంతికుమార్.

"మా ఆటోలకు టాపులుంటే సరిపోయిందా? మాకూ తలకాయలుండాయి," అన్నాడు ఆటో యూనియన్ జోయల్.

రాజమోహన్ గారు గడ్డం నిమురుకున్నారు.

"ఈ గొడవకు మూలమేంది?"

"నీడ సార్," అన్నాడు మల్లికార్జున.

"నీడకు మూలం?"

"చెట్టు సార్."

"ఇంకేంది మరి."

మరుసటి వారం ఓబులమ్మ బస్సు దిగేసరికి చెట్టు లేదు. బెంచీలన్నీ ఒకే వరసలో, ఒకే ఎండలో, సంపూర్ణ సమానత్వంతో కాలుతున్నాయి. ఆమెకు కడుపు మండిపోయింది. అది ప్రారంభోత్సవం రోజు కావడంతో ఆ మంట ఎవరి దృష్టికీ రాలేదు. షామియానా కింద రాజమోహన్ గారు పచ్చదనం గురించి ఉపన్యసిస్తున్నారు. షామియానా వీఐపీలకు మాత్రమే.

ఓబులమ్మ కుంటుకుంటూ గేటు బయటికి వచ్చింది. రోడ్డు పక్కన రాజమోహన్ గారు మొక్క చేతబట్టి నవ్వుతున్న పెద్ద ఫ్లెక్సీ. దాని నీడలో గోవిందయ్య, శాంతికుమార్, జోయల్, ఇంకా ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు.

"రా అవ్వా," అని గోవిందయ్య జరిగాడు. శాంతికుమార్ ఆమె సంచీ అందుకున్నాడు. ఆమె కాళ్ళు చాపుకుని అమ్మయ్య అనుకుంది.

సభ ముగించుకుని వచ్చిన రాజమోహన్ గారు ఈ దృశ్యం చూసి ఆగిపోయారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"అన్ని కమ్యూనిటీలూ ఒక్కచోట. ఇదిరా మల్లికార్జునా, నేను కోరుకునింది," అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత అడిగారు, "ఇక్కడ ముందొచ్చి కూర్చునింది ఎవరు?"

"నేనే," అన్నాడు గోవిందయ్య.

"నేను వచ్చినప్పుడు ఎవరూ లేరే," అన్నాడు శాంతికుమార్.

"తగాదా వద్దు," అన్నారు రాజమోహన్ గారు, ఎంతో శాంతంగా.

ఓబులమ్మ తక్కిన మాట కోసం ఆగలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచి, సంచీ తీసుకుని, ఎండలోకి వెళ్ళి నిలబడింది.