పాపం చేయని తుపాకీ

1981 అక్టోబరులో ఒక శనివారం పొద్దున నరసింహమూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎవరి కంటా పడకుండా పక్క ఊరు లివోనియా వెళ్ళాలి, ఒక పాత తుపాకీ కొనాలి, భోజనాల వేళకు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇంట్లో ఉండాలి. రాత్రంతా దాన్ని తిరగేసి మరగేసి చూసుకున్నాడు. లోపం ఎక్కడా కనిపించలేదు గాని నిద్ర మాత్రం పట్టలేదు.

ఈ తుపాకీ అవసరం నోరు జారడం వల్ల వచ్చింది. అతను కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. వేసవిలో హాల్‌వర్సన్ అనే కొత్త బాసు వచ్చాడు. తాడిచెట్టంత మనిషి, మాట తక్కువ. అతని గదిలో గోడమీద ఫెజెంట్ అనే అడవికోడి ఒకటి, లోపల గడ్డి కూరినది, వచ్చినవాళ్ళందర్నీ గాజుకళ్ళతో చూస్తుండేది. ఆయన వచ్చిన కొన్నాళ్ళకే లే ఆఫ్‌లు మొదలయ్యాయి. ఉద్యోగాలు ఊడినవాళ్ళలో వేటకు వెళ్ళేవాడు ఒక్కడూ లేడని మూర్తి కనిపెట్టాడు. పద్దెనిమిది శాతం వడ్డీకి ఇల్లు కొన్నవాడికి ఇలాంటివి ఇట్టే కనిపిస్తాయి. అందుకే సీజన్ మొదటి రోజున వైస్ ప్రెసిడెంటు గారి పొలంలో వేటకు ఎవరెవరు వస్తారని హాల్‌వర్సన్ అడిగినప్పుడు, మూర్తి చెయ్యి అతన్ని అడక్కుండానే లేచిపోయింది. చెయ్యితో ఆగినా బాగుండేది. "మా తాతగారు పులుల్ని కొట్టేవారు" అని కూడా అనేశాడు. తాతగారు కొట్టింది మామిడితోటలో కోతుల్ని, అదీ వడిసెలతో.

సీజన్‌కి ఇంక రెండు వారాలే ఉన్నాయి. ఆఫీసు దగ్గరి తుపాకుల షాపుకి వెళ్దామంటే, అక్కడ సగం మంది ఆఫీసువాళ్ళే ఉంటారు. పులులు కొట్టిన వంశంవాడు తుపాకీ ఎటు పట్టుకోవాలని కౌంటర్లో అడుగుతుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? పైగా కొత్తదాని ధర వింటేనే గుండె ఆగేలా ఉంది. నూటయాభై డాలర్లకు మించి ఇచ్చేది లేదని భార్య వసుమతి ముందే గీత గీసింది. దాని పక్కనే ఇంకో గీత కూడా గీసింది.

"సెకండ్ హ్యాండ్ కారు కొంటే పాతవాడి జరిమానా టికెట్లు మనకి రావు. తుపాకీ అలా కాదుగా! వాడు ఎన్ని ప్రాణాలు తీశాడో ఏమో, ఆ పాపం దాంతోపాటే మన గరాజ్‌లోకి వస్తుంది. ఇంతవరకూ దేన్నీ చంపనిది దొరికితేనే కొనండి."

దేన్నీ చంపని వాడిన తుపాకీ! మూర్తి వారమంతా పేపర్లో చిన్న ప్రకటనలు వెతికాడు. చివరికి ఒకటి దొరికింది. లివోనియాలో మిసెస్ కొవాల్‌స్కీ అనే ఆవిడ, చనిపోయిన భర్త తుపాకీ, పెద్దగా వాడనిది, చవకగా ఇచ్చేస్తుందట. ఫోన్ చేస్తే శనివారం పొద్దున ఎప్పుడైనా రమ్మంది.

పరీక్షించడానికి స్నేహితుడు దైవాశీర్వాదాన్ని పిలిచాడు. ఆయన గుంటూరు కాలేజీలో ఎన్.సి.సి.లో ఉండగా అయిదు గుళ్ళు కాల్చాడు. వాటిలో ఒకటి బోర్డుకి తగిలింది. ఇప్పుడు లైబ్రరీ నుంచి పుస్తకం కూడా తెచ్చాడు.

"గొట్టంలోంచి వెలుతురుకి చూడాలి మూర్తిగారూ. తుప్పుగాని సొట్టగాని ఉండకూడదు. కర్ర పగిలి ఉండకూడదు. మడిచి మూస్తే టక్కున కూర్చోవాలి, కదలకూడదు. ఆఖర్న భుజానికి అమరాలి. ఏదీ, పట్టుకోండి" అని వాక్యూమ్ క్లీనర్ పైపు అందించాడు. మూర్తి గురి పెట్టగానే అద్దంలో కనిపించిన మనిషిని చూసి మూర్తికే జాలేసింది.

అనుకున్న దానికన్నా రోడ్డు ఖాళీగా ఉండటంతో తొమ్మిది దాటీ దాటకముందే ఆ ఇంటి ఎదురుగా కారు ఆగింది. మూర్తి తలుపు తీయబోయాడు.

"ఎక్కడికండీ? శనివారం, రాహుకాలం. పదిన్నర దాకా కదలడానికి లేదు" అంది వెనకసీట్లోంచి వసుమతి.

"చెల్లెమ్మా, మాకు రాహువుతో పేచీ లేదు. నేను వెళ్ళి చూసొస్తాను" అన్నాడు ఆశీర్వాదం.

"కొనేది మా డబ్బుతో కదా అన్నయ్యగారూ! కాస్త ఆగుదాం. పులిహోర తెచ్చాను."

ఆగారు. చలికి ఇంజను ఆపలేదు. కిటికీలు మసకేశాయి. పక్కింటి కర్టెన్ కదిలింది, ఎదురింటి కర్టెన్ కూడా కదిలింది. కర్టెన్ కదిలినప్పుడల్లా మూర్తి ఓ జానెడు కిందకి జారాడు. అలా జారిన మనిషి చూసేవాళ్ళకి ఎలా కనిపిస్తాడో అతనికి తోచలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయని ఆశీర్వాదం దిగి, ఆ ఇంటి ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి, ఇంటి నంబరు కేసి పరీక్షగా చూసి వచ్చాడు.

అప్పుడే ఒక పొడవాటి నీలం కారు వచ్చి ఆ ఇంటి ముందే ఆగింది. అందులోంచి హాల్‌వర్సన్ దిగాడు!

"మా బాస్! చూశాడంటే అయిపోయాను. అసలు ఇక్కడికెందుకు వచ్చాడు? నన్ను ఫాలో అవుతున్నాడా?" అంటూనే మూర్తి వసుమతి శాలువా లాక్కుని తలమీదుగా కప్పుకుని సీటు కిందికి దూరాడు. హాల్‌వర్సన్ రోడ్డుకి ఇటూ అటూ చూసి, కోటు కాలరు పైకెత్తుకుని, గబగబా లోపలికి వెళ్ళాడు.

శాలువా కింద ఊపిరాడక మూర్తి ఉద్యోగం గురించీ ఇంటి వాయిదాల గురించీ దిగులుపడుతుండగా, కిటికీ మీద ఎవరో తట్టారు. పోలీసు.

"ఇక్కడ ఏం చేస్తున్నారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"వెయిట్ చేస్తున్నాం" అన్నాడు ఆశీర్వాదం.

"దేనికోసం?"

పోలీసుల దగ్గర అబద్ధం ఆడకూడదని వసుమతి నమ్మకం. "ఇప్పుడు బ్యాడ్ టైమ్ ఆఫీసర్. పదిన్నర దాకా ఉంటుంది."

"పదిన్నరకి ఏమవుతుంది?"

"అందరం ఆ ఇంట్లోకి వెళ్తాం" అని వసుమతి చెయ్యి చాపి చూపించింది. "తుపాకీ కోసం."

పోలీసు ఒక్క అడుగు వెనక్కి వేసి నడుముకున్న పిస్తోలు మీద చెయ్యి వేశాడు. "శాలువాలో ఎవరు?"

"మా ఆయన."

మరుక్షణం ముగ్గురూ బయట ఉన్నారు, చేతులు కారు టాపు మీద ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఆ ఇంటి తలుపు తెరుచుకుని, దుప్పటి చుట్టిన పొడవాటి మూటతో హాల్‌వర్సన్ బయటికి వచ్చాడు. పోలీసు అరిచిన అరుపుకి మూట గడ్డిమీద పడింది. ఇంకో నిమిషంలో ఆ తాడిచెట్టంత మనిషి కూడా వచ్చి మూర్తి పక్కనే కారుమీద చేతులు పెట్టి నిలబడ్డాడు.

"మూర్తీ?"

"గుడ్ మార్నింగ్ సార్."

ఇద్దరూ మళ్ళీ కారు టాపుకేసే చూశారు.

పోలీసు దుప్పటి విప్పి, తుపాకీ మడిచి, ఖాళీగా ఉందో లేదోనని గొట్టంలోంచి ఆకాశంకేసి చూశాడు. ఆశీర్వాదం ఉండబట్టలేకపోయాడు. "సార్, తుప్పేమైనా ఉందా?"

"లేదు" అన్నాడు పోలీసు అలవాటుగా. తర్వాత తమాయించుకుని, "నువ్వు మాట్లాడకు" అన్నాడు.

మిసెస్ కొవాల్‌స్కీ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరుగెత్తుకొచ్చింది. "వాళ్ళని వదలండి! నిన్న ఫోన్ చేసినవాళ్ళు వీళ్ళే. ఈయన పొద్దున్నే ఫోన్ చేసి ముందొచ్చేశాడు. వీళ్ళకోసం కేకు కూడా చేశాను!"

చేతులు టాపుమీద ఉంచుకునే వసుమతి ముఖ్యమైన సంగతి అడిగింది. "ఏమండీ, అది ఎన్నిటిని చంపింది?"

ముసలావిడ నిట్టూర్చింది. "ఒక్కదాన్నీ లేదమ్మా. మా ఆయన ఏటేటా వెళ్ళేవాడు. ఏటేటా నేను కోడిని కొట్లోనే కొనేదాన్ని."

వసుమతి మొగుడికేసి చూసింది. ఇంత మంచి తుపాకీ చేజారిపోయిందే అన్న బాధ ఆ చూపులో కనిపించింది.

పోలీసు హాల్‌వర్సన్‌ వైపు తిరిగాడు. "ఇది మీరు కొన్నారా? గుళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించండి."

హాల్‌వర్సన్ తుపాకీని తిప్పాడు, నొక్కాడు, లాగాడు. అది మడత పడలేదు.

"ఇదివరకు ఎప్పుడైనా కాల్చారా?"

బాసు మూర్తికేసి ఒకసారి చూసి, నేలకేసి చూశాడు. "లేదు. ఇదే మొదటిది. కానీ ఇతన్ని అడగండి, ఇతని తాత పులుల్ని వేటాడాడు."

"నిజమా?" అన్నాడు పోలీసు.

బాసు ముందు నిజం చెబితే ఉద్యోగం పోతుంది. పోలీసు ముందు అబద్ధం చెబితే ఇంకా ఏమేం పోతాయో తెలియదు. "కోతులండీ" అన్నాడు మూర్తి. "రాళ్ళతో."

పోలీసు అందరికేసీ చూశాడు. ఆ ఊళ్ళో ఇంత అమాయకపు ముఠా అతనికి ఎప్పుడూ తగిలినట్టు లేదు. వాళ్ళు పదిన్నరదాకా ఎందుకు ఆగారో మాత్రం రిపోర్టులో రాయనని చెప్పి, కేకు ముక్క ఒకటి తీసుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం తన బల్లమీద, ఉద్యోగం ఊడినవాళ్ళకిచ్చే సామాన్ల పెట్టె పెట్టి ఉంటుందని మూర్తికి రూఢి అయిపోయింది. హాల్‌వర్సన్ అతన్ని పక్కకి పిలిచాడు.

"ఆ గోడమీది కోడి నాది కాదు మూర్తీ. నా ముందున్నవాడు వదిలేసిపోయింది. దాన్ని చూసి వైస్ ప్రెసిడెంటు నన్ను వేటగాడనుకున్నాడు. నేను కాదనలేదు. ఉద్యోగాలు పోతున్న రోజులు కదా." అని ఆ మనిషి మొహం తుడుచుకున్నాడు. తర్వాత, "మన టొలీడో ప్లాంటులో రేకులు నొక్కే పెద్ద ప్రెస్సు వచ్చే శనివారం, సరిగ్గా వేట రోజున, ఆగిపోతుందనుకుంటాను. నేను వెళ్ళక తప్పదు. తోడు ఒక ఇంజనీరు ఉండాలి" అన్నాడు.

"అదెందుకు ఆగుతుంది సార్? మొన్ననే చూశాను, బంగారంలా నడుస్తోంది..." అని మొదలుపెట్టిన మూర్తి, బాసు కళ్ళలోకి చూసి ఆగాడు. "బేరింగు సార్. నాకూ అనుమానంగానే ఉంది."

హాల్‌వర్సన్ అతని చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. తుపాకీ మళ్ళీ మిసెస్ కొవాల్‌స్కీ బీరువాలోకి వెళ్ళింది. ఆవిడ డబ్బు వెనక్కిచ్చి, ఇకనుంచి ఫోన్ చేసినవాళ్ళని ఏ టైమ్‌కి వస్తారో కచ్చితంగా అడుగుతానంది.

చలికాలంలో ఇంకోసారి లే ఆఫ్‌లు వచ్చాయి. డిపార్టుమెంటులో సగం బల్లలు ఖాళీ అయ్యాయి, వాటిలో ముగ్గురు వేటగాళ్ళవి కూడా ఉన్నాయి. మూర్తి జోలికి ఎవరూ రాలేదు. టొలీడో యంత్రాల గుట్టు తెలిసినవాడు అతనొక్కడేనని, అతను లేకపోతే పని నడవదని హాల్‌వర్సన్ పైవాళ్ళకి గట్టిగా చెప్పాడట.

ఆ తర్వాత ప్రతి ఏడాదీ, వేట సీజన్ మొదటి రోజున, టొలీడోలో ఏదో ఒక మెషిను చెడిపోతూనే వచ్చింది.